రంగయ్య మొక్కు

సౌభాగ్యవతి కోడలు బిందుమాధవికి మామయ్య దీవెనలు.

నాచారంలో మేమంతా కులాసా. డెహ్రాడూన్ చలికి నువ్వు చెవులకు గుడ్డ కట్టుకుంటున్నావా లేదా అని మీ అత్తయ్య తారామణి అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ నన్నే అడుగుతోంది, నేనేదో నీ పక్కనుండి చూస్తున్నట్టు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాళ్ళ నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. రంగయ్య కీచురాళ్ళు తింటున్నాడా అన్నావు. ఇప్పుడు తింటున్నాడు. ఈ 'ఇప్పుడు' దగ్గర నువ్వు ఆగిపోతావని తెలుసు. ఫోన్లో చెబితే నా గొంతే నన్ను పట్టిచ్చేస్తుంది. నీ ట్రైనింగు పాడవుతుందని అబ్బాయిని కూడా నోరు మెదపనివ్వలేదు.

మీ తమ్ముడు ఫణీంద్ర పోయాక, అతను పెంచుకున్న ఈ ఊసరవెల్లి రంగయ్యను పంజరంతో సహా నువ్వు తెచ్చిన రోజు, ఇంట్లో ఇదేం అరిష్టమని సణిగాను. "వాడి చేత్తో తిన్న ప్రాణం ఇదొక్కటే మిగిలింది మామయ్యా" అన్నావు. పంజరానికి బాల్కనీలో నేనే చోటు చేశాను. అందుకే రంగయ్య కొమ్మ పట్టుకోలేక కింద పడిపోయినప్పుడు వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూలబడ్డాను.

జరిగిందేమిటంటే, వచ్చినవాళ్ళంతా వాడి రంగులు చూసి నోళ్ళు వెళ్ళబెడుతున్నారని, దిష్టి తగులుతుందని, మీ అత్తయ్య పంజరాన్ని బాల్కనీ నుంచి లోపలి గదిలోకి మార్పించి చుట్టూ పాత చీర కట్టింది. చీర అంటుకుంటుందని, వాడి వెచ్చదనానికి నువ్వు పెట్టిన కరెంటు దీపం కూడా ఆర్పేసింది. నేనూ మంచిదేలే అన్నాను. కొన్నాళ్ళకు వాడు బూడిదరంగుకు తిరిగి, పగలంతా కళ్ళు మూసుకుని, తిండి మానేశాడు. ఆ తర్వాతే పడ్డాడు.

అబ్బాయి పోచారం ఆఫీసులో ఉన్నాడు. పైన అద్దెకుండే నీలవేణి నన్ను చూసి, "గిట్ల కూసుంటె ఎట్ల తాతా, బండెక్కు" అని హబ్సిగూడలో జంతువుల డాక్టరు సంతోషి దగ్గరికి తీసుకెళ్ళింది. దారిలో గోతి వచ్చినప్పుడల్లా ఒళ్ళో ఉన్న అట్టపెట్టెను గుండెకు హత్తుకున్నాను.

"దిష్టి గాదు సార్, ఎండ తగలక బొక్కలు మెత్తవడ్డయ్. ముందుగాల గా చీర దీసెయ్యున్రి. మందిస్త గని, బతుకుతదని మాటియ్యలేను" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి ఈ ఎముకల సంగతి చెబితే, మీ అత్తయ్య ఆ చీర చేతిలో పట్టుకుని "పిల్ల నమ్మి అప్పగించిపోతే నా చేత్తో చంపుకుంటున్నానా" అని ఏడ్చింది. మర్నాటి నుంచి పొద్దున్నే మేడ మీద కుండీలో కరివేపాకు మొక్క మీద వాణ్ణి కూర్చోబెట్టి, ఆకుల మీద నీళ్ళు చిలకరించి, కాకులు రాకుండా కర్ర పట్టుకుని కాపలా కాసింది. మందు చుక్కలు నేను వేస్తే మూతి తిప్పుకునేవాడు. ఆవిడ "తాగు నాయనా" అంటే నోరు తెరిచేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి పచ్చగా తిరిగి, నాలుక చాచి కీచురాయిని లాక్కున్నాడు. నీలవేణి మెట్ల మీదే చప్పట్లు కొట్టింది. ఆ పిల్లకూ, డాక్టరమ్మకూ, మీ అత్తయ్యకూ ఎన్ని దణ్ణాలు పెట్టినా నాకు తనివి తీరదు.

ఇక అసలు విషయం. అబ్బాయి వీడియో కాల్ చేస్తే నేను పక్క గదిలోకి తప్పుకుంటున్నానని కోప్పడ్డావు. నాకు గుండు తల్లీ. కంగారు పడకు, ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. రంగయ్య లేచి తిరిగితే తలనీలాలిస్తానని యాదగిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను. అరిష్టమన్న నోటితోనే. మొన్న ఉప్పల్‌లో బస్సెక్కి గుట్టకు వెళ్ళొచ్చాను. "ఊసరవెల్లికి గుండేమిటండీ" అని మీ అత్తయ్య ఇప్పటికీ నవ్వుతోంది.

అక్కడ గుండు గీసే ఆయన నా తల తడుపుతూ "ఎవ్వరికి బాగలేకుండె తాతా?" అని అడిగాడు. "మా కోడలి తమ్ముడికి. ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు" అన్నాను. అబద్ధం చెప్పినట్టు నాకు అనిపించలేదమ్మా.

ఇట్లు,
నీ మామయ్య
పట్టాభిరామయ్య