అంగీలో చుట్టిన పంపు

రఘునాథపల్లి,
గురువారం పొద్దున

చిరంజీవి లతకు అత్తమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ మామా వేళకు తిని మా పనులు చేసుకుంటున్నాం. మహదేవపూర్‌లో నువ్వూ మీ అవ్వా బాపూ కూడా బాగున్నారనుకుంటున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఫోన్లో అయితే నీ గొంతు విని నాకు ఏడుపొస్తుంది, నాది విని నీకూ వస్తుంది. ఉత్తరమైతే మధ్యలో ఆగి కళ్ళు తుడుచుకోవచ్చు. ఈ పద్ధతి పెట్టి మంచి పని చేశావు. నాది ఐదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకొని చదువు.

అడిగినవి చెబుతాను. మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు నాటిన కరివేపాకు నా నడుము దాకా వచ్చింది. మీ మామ బీడీలు మానలేదు కానీ తగ్గించాడు. జీపు అమ్మేశారా అన్నావు. అమ్మలేదు. దాని సంగతి చాలా ఉంది.

మీ ఆయన గణపతి పోయేనాటికి ఇంజన్ విప్పి షెడ్డులో పెట్టి ఉంది కదా. ఆర్నెల్లు ఎవరమూ దాని మీది గోనెసంచి తియ్యలేదు. శివరాత్రి తెల్లారి మీ మామ ఆ సంచి తీసి, ఒక్కొక్క నట్టూ డీజిల్‌లో కడగడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళు లారీ నడిపాడే కానీ ఎన్నడూ ఇంజన్ విప్పలేదు. అందుకని మానుకోట నుంచి అబ్దుల్ గనీ భాయిని పిలిపించాడు. మన గణపతికి పని నేర్పిన ఉస్తాద్ ఆయనే.

గనీ భాయి ఇంజన్ పై మూతను అరచేత్తో తడిమాడు. ఇప్పటి ఇంజన్లకు వాల్వులు నెత్తిన ఉంటాయట, దీనికి పక్కన ఉంటాయట, అందుకే నెత్తి రొట్టె పెంకలా సాపుగా ఉందట. రంగు గీకితే అడుగున నంబరు కనిపించింది. వాళ్ళిద్దరికీ కండ్లు సరిగ్గా ఆనవు కాబట్టి అంకెలు నేనే చదివాను. ఆ నంబరును బట్టి ఇది చాలా పాతదనీ, లోపల గొలుసు తిరుగుతుందనీ తేల్చాడు. విప్పిన సామానులో ఆయిల్ పంపు ఒక్కటే దొరకలేదు. గొలుసు ఇంజన్ పంపు ఒకటి తన దుకాణంలో ఉందని మానుకోట పోయి బస్సులో పంపాడు.

మీ మామ రెండు రోజులు కుస్తీ పట్టినా అది కూచోలేదు. గనీ భాయి మళ్ళీ వచ్చి ముందు మూత విప్పితే, లోపల గొలుసు లేదు, పళ్ళ చక్రాలున్నాయి.

"గిది ఒక్క బండి కాదు భాయ్, నాలుగు బండ్ల చుట్టరికం. ఎవరో ఎన్నడో గొలుసు తీసి చక్రాలేసిన్రు. ఒకదాని సామాను ఒకదానికి పడ్తది, గందుకే గిన్నేండ్లు బతికింది. గీ పంపు ఒక్కటే పడది, దాని పండ్లు చక్రాల ఇంజన్‌కు ఎదురు కోసుంటయ్" అన్నాడు.

"నంబర్ సూసే కదనే నువ్వు చెప్పినవ్" అని మీ మామ గులిగాడు.

"ఆధార్ కార్డు సూసి మనిషి గుణం చెప్పిన, తప్పు నాదే" అని నవ్వాడాయన.

తర్వాత మీ మామకు నవ్వు లేదు. జనగామలో, భూపాలపల్లిలో పాత సామాను దుకాణాలన్నీ మూడు వారాలు తిరిగాడు. చక్రాల ఇంజన్ పంపు ఎక్కడా లేదు. షెడ్డు సర్దినప్పుడు అసలు పంపును తానే చెత్తలో పారేశానని తిట్టుకునేవాడు. కొడుకు పదిలంగా విప్పి పెడితే తాను పోగొట్టానని అన్నం ముందు కూచొని మెతుకులు కెలికేవాడు. నేను వింటూ చిక్కుడుకాయ తుంచుకుంటూ కూచునేదాన్ని.

లతా, ఆ పంపు నా పెట్టెలో ఉంది.

పదోనాడు వాడి బట్టలన్నీ మూట కట్టి పంపించేస్తుంటే నేను నీలం అంగీ ఒకటి గుంజుకున్నాను. అది బరువుగా ఉంది. దుమ్ము పడకుండా పంపును అందులో చుట్టి పెట్టుకున్నాడు వాడు. పోయినవాళ్ళ బట్ట ఇంట్లో ఉండొద్దంటారు కదా. పంపు బయటపెడితే అంగీ సంగతీ బయటపడుతుందని భయపడ్డాను. ఇంకో మాట కూడా చెబుతాను. ఇంజన్ పూర్తయితే వాడు సగం చేసి వదిలిన పని ఇంట్లో ఇక ఏదీ ఉండదనిపించింది.

ఒకరోజు మీ మామ ముట్టకుండానే కంచం జరిపేశాడు. నేను లేచి వెళ్ళి అంగీతో సహా తెచ్చి ముందు పెట్టాను. తిడతాడనుకున్నాను. అంగీ ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. తర్వాత, "పంపు నాకియ్యి. అంగి నీ దగ్గరనే ఉంచుకో" అన్నాడు.

మొన్న ఆదివారం జీపు మాట్లాడింది. ముందు దగ్గింది, నల్లటి పొగ వదిలింది, తర్వాత దాని దారిన అది సన్నగా తిరిగింది. గనీ భాయి దాని సాపు నెత్తి మీద గ్లాసు నిండా నీళ్ళు పెట్టాడు. ఒక్క చుక్క తొణకలేదు. మీ మామ ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఇప్పుడు అసలు మాట. ఇంతసేపూ దానికోసమే రాస్తున్నాను. పెట్టెలో ఆ అంగీ కింద నీ కాగితాలు కూడా ఉన్నాయి. నీ పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ. భూపాలపల్లిలో నర్సు చదువుకు కావాలని రెండు ఉత్తరాల్లో అడిగావు. వెతుకుతున్నానని రాశాను. నేను వెతకనే లేదు బిడ్డా. కాగితాలు ఇస్తే నువ్వు ఇక ఇటు రావనుకున్నాను. మూడు వారాలు మీ మామ వెతికిన తీరు కళ్ళారా చూశాక, అక్కడ నువ్వూ అట్లే వెతుక్కుంటున్నావని తెలిసొచ్చింది. పెద్దదాన్ని, తప్పు చేశాను.

మీ మామకూ చెప్పాను. తప్పు నన్నే రాయమన్నాడు, బండి తాను నడుపుతానన్నాడు. చేరడానికి ఇరవయ్యో తేదీ దాకా గడువుందన్నావు కదా. వచ్చే సోమవారం పొద్దున జీపులో భూపాలపల్లి వస్తున్నాం. నువ్వు బస్టాండు దగ్గర ఉండు. ముందు సీటు నీది, నేను వెనక కూచుంటాను. కాలేజీ గేటు దాకా దింపుతాం.

కాగితాలు దారిలో నలగకుండా ఆ అంగీలోనే చుట్టి తెస్తున్నాను. కాగితాలు తీసుకో. అంగీ మాత్రం నాకు తిరిగి ఇచ్చెయ్యి.

ఇట్లు,
నీ అత్తమ్మ
సరోజన