తువ్వాలు కింది ధర

ఆర్మూరు, మార్చి 1991
మంగళవారం రాత్రి

ఒళ్లు ఇంకా మండిపోతూనే ఉంది. ఢిల్లీ నుంచి సెలవులకు నాతో వచ్చిన మా జపనీస్ టీచర్ పసుపు మార్కెట్ చూస్తానంటే సంబరంగా తీసుకెళ్లాను. సరిగ్గా మా కుప్ప దగ్గరే బేరం సాగుతోంది. మా తరఫున అమ్మే అడ్తిదారు, కొనే వ్యాపారి చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకున్నారు. లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటున్నారు. పైకి ఒక్క మాట లేదు.

"ఎంతంటున్నారు?" అని టీచర్ జపనీస్‌లో అడిగింది. నాకేం తెలుసు? నాయినను అడిగాను.

"నాకేమెరుక బిడ్డా? ధర తెగినంక మన అడ్తి సేటు చెప్తడు."

"పసుపు మనది కదా నాయినా!"

"జర మెల్లగ మాట్లాడు. ఈడ గిట్లనే నడుస్తది."

అడ్తిదారు తువ్వాలులోంచి చెయ్యి తియ్యకుండానే నవ్వాడు. "ఢిల్లీ సదువులకు గివి సమజ్ గావు బిడ్డా!"

సమజ్ కావట! టోక్యోలో నలుగురు పార్టీ పెద్దలు తలుపులు మూసుకుని ప్రధాని ఎవరో ఎలా తేలుస్తారో ఢిల్లీలో రెండేళ్లుగా చదువుతున్నాను. అక్కడ కనీసం తలుపు బయట విలేకరులైనా ఉంటారు. ఇక్కడ పండించినవాడు ధర అడగడానికి కూడా లేదు. అడిగితే వచ్చే ఏడు మన కుప్పను ఎవరూ ముట్టరని నాయిన భయం. నా ఫీజు కూడా ఆ కుప్పలోంచే రావాలి, అందుకే నేనూ...

టీచర్ ఇంకొకటి అడిగింది. "అందులో మీ నాన్న చెయ్యి ఏది?"

నాయిన కుప్పకు ఇవతల చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ చేతుల నిండా పసుపే.