చల్లగదిలో లిసియాంథస్

ఫిలింనగర్,
11 ఆగస్టు 2014

అమ్మా మంజులా,

నిన్న పొద్దున మొదటి పువ్వు విచ్చుకుంది. లేత ఊదారంగు. దూరం నుంచి చూస్తే గులాబీ అనుకుంటాం గానీ, రేకు పట్టుకుంటే ఉల్లిపొర కన్నా పలచన. కాసేపు దాని ముందే నిలబడిపోయాను.

ఇదంతా నీ చలవే. సినిమాలు డిజిటల్ అయి నెగెటివ్ కటింగ్ పని పోయాక, జూబ్లీ హిల్స్‌లో మన ప్రొడ్యూసర్‌గారింటి కింద చల్లగదిలో పాత ఫిలిం డబ్బాలకు కాపలాగా మిగిలాను. ఆయన పోయాక వాళ్ళావిడ శ్యామలాదేవిగారికి ఈ లిసియాంథస్ పూల మీద మనసు పడింది. తోటమాలి రెండుసార్లు చల్లితే ఒక్కటీ మొలవలేదు. "మీవి సన్నపని చేసిన చేతులు, మీరు చూడండి" అని పొట్లం నా చేతిలో పెట్టారు. తెరిచి చూస్తే విత్తనాలా అవి, నశ్యంపొడిలా ఉన్నాయి! నా చేతిలోనూ చచ్చాయి. నువ్వు మదనపల్లె దగ్గర పూల నర్సరీలో ఉన్నావని తెలిసి, సిగ్గు విడిచి ఉత్తరం రాశాను. జవాబిస్తావనుకోలేదు. నాలుగు పేజీలు రాశావు. "మీద మన్ను కప్పొద్దు సార్, దానికి వెలుతురు కావాలి. నీళ్ళు పళ్ళెంలో పోయండి, కిందనుంచే తాగుతుంది. రెండు నెలలు ఎదగనట్టే ఉంటుంది, విసుగొచ్చి పారేయకండి." అలాగే చేశాను. ట్యూబులైట్ కింద పట్టకారుతో ఒక్కో గింజా పెట్టాను. పన్నెండోనాడు పచ్చగా చుక్కలు కనిపించాయి. సగం బూజు తిన్నది. మిగిలినవాటిలో ఇది పూసింది.

శ్యామలాదేవిగారు చూసి మురిసిపోయి, "ఎవరు నేర్పారండీ?" అన్నారు. "మా మంజులత" అన్నాను. "ఎవరు, ఆ నెగెటివ్ పాడుచేసిన పిల్లేనా?" అన్నారావిడ.

నేను మాట్లాడలేదమ్మా. మూడేళ్ళ కిందట నోరు మూసుకున్నట్టే మళ్ళీ మూసుకున్నాను.

ఆ షాట్ కోసింది నేను. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి, ఫిలిం అంచు మీది నంబరులో ఆరును ఎనిమిదిగా చదివి, ఒకే షాట్‌ను నడిమధ్య కత్తిరించాను. నెగెటివ్ ఒకసారి తెగితే అతికినా ఫ్రేములు పోతాయి, బొమ్మ ఎగురుతుంది. ప్రొడ్యూసర్‌గారు గదిలోకొచ్చి ఎవరు కోశారని అరిచినప్పుడు ఆయన చూపు నీ మీద పడింది, కొత్తపిల్లవు గనుక. నేనేమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. "చిన్నపిల్ల, వదిలేయండి సార్" అన్నాను. అబద్ధం ఆడినట్టూ లేదు, నిజం చెప్పినట్టూ లేదు. నీ పని పోయింది. నాకేమో శిష్యురాలిని వెనకేసుకొచ్చిన పెద్దమనిషినని పేరొచ్చింది. ఆ పేరు మోస్తూ ఇన్నాళ్ళూ తిరిగాను.

క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు. తెలియజెయ్యాలని రాశాను, అంతే.

ఇట్లు,
అనంతపద్మనాభం


మదనపల్లె,
20 ఆగస్టు 2014

గౌరవనీయులైన సార్‌కు,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు పనికి పోలేదు. కోపంతో మొదట రాసిన జవాబు చించేశాను.

నాకు తెలుసు సార్. ఆ రోజు మీ పక్కనే ఉన్నాను కదా, కత్తెర మీ చేతిలోనే ఉంది. నేను చెబితే ఎవరు నమ్ముతారని ఊరుకున్నాను. మీరే చెబుతారని నెలరోజులు ఎదురుచూశాను కూడా. మరి నాలుగు పేజీలు ఎందుకు రాసిందా అని మీరు అనుకుని ఉంటారు. నాకు పని నేర్పింది మీరు. చేయి వణక్కుండా ఊపిరి ఎలా పట్టాలో, వెంట్రుకంత అంచును ఎలా చూడాలో మీరు చూపించారు. ఇక్కడ రోజుకు వేల గింజలు పెడుతున్నది ఆ చేతులతోనే. అది అబద్ధం కాదు గనుక రాశాను.

నాకు క్షమాపణ వద్దు. షేక్‌పేటలో మా నాయిన ఉన్నాడు. ప్రొడ్యూసర్‌గారి కంపెనీ వ్యాను నడిపేటప్పుడు మిమ్మల్ని బతిమాలి నన్ను పనిలో పెట్టించాడు. ఆ గొడవ తర్వాత, "నా ఇజ్జత్ తీసినవ్" అని నాతో మాట మానేశాడు. సిగ్గుతో వ్యాను పని కూడా మానుకున్నాడు. ఆయనకు చెప్పండి. ఉత్తరం రాయకండి, ఇంటికి పోయి చెప్పండి.

పూసిన కొమ్మలు కోసేటప్పుడు అడుగున రెండు జతల ఆకులు ఉంచండి. మళ్ళీ చిగురేస్తుంది.

మీ,
మంజులత


షేక్‌పేట,
29 ఆగస్టు 2014

అమ్మా మంజులా,

మీ ఇంట్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

పొద్దున ముందు శ్యామలాదేవిగారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. "ఆయన బతికుండగా చెప్పాల్సింది" అన్నారు. కాపలా పని పోయిందనే అనుకున్నాను. ఆవిడ లోపలికెళ్ళి చెప్పులేసుకుని వచ్చారు. "ఆ పిల్ల తండ్రి వెంకటనర్సయ్యను అందరి ముందూ మాటలన్నది మా ఆయన. మీరొక్కరే వెళితే ఎలా? పదండి" అని కారు తీయించారు. మీ సందులోకి కారు పట్టకపోతే దిగి నడిచారు.

మీ నాయిన గడపలో కూర్చుని ఉన్నారు. "ఏంది సారూ, గిట్లొచ్చిండ్రు?" అంటూ లేచి, వెనక అమ్మగారిని చూసి కంగారుపడి కుర్చీ తెచ్చారు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. విన్నారు. ముఖం ఎర్రబడింది.

"నా బిడ్డ మొత్తుకున్నది సారూ! 'నేను కోయలే నాయినా' అని. నేను ఇనలే. ఎందుకో ఎర్కేనా? నువ్వు పెద్దమనిషివని! నువ్వుండంగ గట్లెందుకైతదని!"

శ్యామలాదేవిగారు చేతులు జోడించి, "మా వల్ల మీకూ మీ అమ్మాయికీ అన్యాయం జరిగింది వెంకటనర్సయ్యగారూ" అన్నారు. ఆ 'గారు' వినగానే మీ నాయిన కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఏడ్చారు.

తేరుకున్నాక నీకు ఫోన్ చేయమంటే, "గొంతు పెగల్తలేదు, రాయి" అన్నారు. నన్ను క్షమించానని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. కానీ చాయ్ ఇచ్చారు. ఈ పూట కూర్చుని ఆయన మాట రాసే పని నాకు దక్కింది. పువ్వు పూయించినందుకే నీకు రుణపడ్డాననుకున్నాను. నన్ను ఈ గడప దాకా నడిపించినందుకు ఇంకెలా కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియడం లేదు.

ఇక కింద ఆయన మాటలు. "నేను జెప్పినట్లే రాయి, సక్క జెయ్యకు" అన్నారు.

"బిడ్డా మంజులా, సారు జెప్పినంక నమ్ముడు గాదు, నువ్వు జెప్పిన్నాడే నమ్మాల్సింది. గది నా తప్పు, సారుది గాదు. వచ్చే ఐతారం పొద్దుగాల మదనపల్లెల బస్సు దిగుత. నువ్వు రాకున్నా సరే, నడుసుకుంట నర్సరీ కాడికొస్త. మందిల ఉన్నవని సూడకు, ఎంత తిట్టాల్నో అంత తిట్టు. నేను నిలబడి ఇంట."

ఇట్లు,
అనంతపద్మనాభం
చేవ్రాలు: వెంకటనర్సయ్య