సోలార్ పలకల కాపలా

ప్రత్తిపాడు, కొత్త కాలనీ
సోమవారం

ప్రియమైన తమ్ముడు జయపాల్‌కి,

అక్క దీవెనలు. నువ్వూ, మరదలు ఆరాధనా, పాపా బాగున్నారని తలుస్తాను.

మొన్న శనివారం పొద్దున సంగతి రాస్తాను. అందులో విశేషమేమీ లేదు. ఇక్కడ రోజూ అలాగే తెల్లవారుతోంది, అందుకని రాస్తున్నాను.

చీకటితో లేచి మోకాళ్ళ మీద ఉన్నాను. ప్రార్థన సగంలో నాన్న ఊపిరి వినపడింది, చిల్లుపడిన సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు. ఆ చప్పుడు వింటూనే ఆమెన్ అన్నాను. లేచి టీ పెట్టాను. నాన్న గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు, రాత్రంతా అదే కూర్చోవడం. కింద మడతపెట్టిన నీలం పట్టా, మిర్చి కల్లాల్లో కాపలా ఉన్ననాటిది. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పారేయమన్నాను. వినలేదు. ఇప్పుడు అదే ఆయనకి పీట, అదే దిండు.

గ్లాసు అందుకుని రెండు గుటకలు తాగాడు. ఆగాడు. మళ్ళీ ఒక గుటక.

"స్తంభాలు వచ్చాయా?" అన్నాడు. కాలనీకి కరెంటు స్తంభాలు. రోజూ అడుగుతాడు.

"రాలేదు నాన్నా."

"వస్తాయిలే. వాటికి కాళ్ళు లేవుగా, నిదానంగా వస్తాయి" అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది. పెదాలు నల్లబడ్డాయి. వీపు రాస్తూ కూర్చున్నాను. మూలన చర్చి సంఘం వాళ్ళు కొనిచ్చిన ఆక్సిజన్ మెషిన్ ఉంది. దుమ్ము పడకుండా తెల్లగుడ్డ కప్పాను. దాని ప్లగ్గు నేల మీద పడి ఉంది. పెట్టడానికి గోడలో ఏముంది?

ఆయన్ని అలాగే వదిలి మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళాను. వెళ్ళకపోతే గడవదు.

రాత్రిళ్ళు మెషిన్ ఆడి తీరాలని, లేకపోతే గుండె మీదికి వస్తుందని డాక్టరు గారు అన్నారు. గుంటూరు నుంచి సిలిండర్లు తెస్తున్నాం. ఒకటి అయిపోయి మరొకటి వచ్చే లోపల నాకు బైబిలు తెరిచినా అక్షరం ఆనడం లేదు.

ఆన్‌లైన్లో సోలార్ కిట్ ఉందన్నావు, మనమే బిగించుకోవచ్చన్నావు. తెప్పించు. నీ పేరు నాన్న దగ్గర ఎత్తను. మెషిన్ లాగే ఇది కూడా సంఘం వాళ్ళదనుకుంటే అనుకోనీ. ఫోన్ చేయకు. ఛార్జింగుకి మెయిన్ రోడ్డు మీద కొట్లో ఇస్తున్నాను. పైగా ఒక్క గది ఇల్లు, ప్రతి మాటా ఆయన చెవిన పడుతుంది. పక్కింటి ఇమాం హుస్సేన్ లారీ మీ మిల్లుకి ధాన్యం తోలుతుంది కదా, ఉత్తరం అతని చేతికివ్వు.

ప్రభువు నిన్ను కాచును గాక.
అక్క ఎలీసమ్మ


పొన్నూరు
బుధవారం

ప్రియమైన అక్కకి,

కిట్ బుక్ చేశాను. నీ అడ్రసుకే వస్తుంది. పెద్ద ప్యానెల్స్ రెండు, బ్యాటరీలు రెండు, ఇన్వర్టర్, వైర్లు. కొన్నవాళ్ళందరూ బాగుందనే రాశారు. రాసింది నిజమో, డబ్బులిచ్చి రాయించారో దేవుడికే తెలియాలి. నేను రైస్ మిల్లులో మోటార్లు విప్పి బిగించేవాణ్ణి, నాకే భయంగా ఉంది.

"మావయ్యతో మాట్లాడరు. ఆయన కోసం అన్నం మానేసి ఫోన్లో పలకలు చూస్తారు. ఇదేం కోపమండీ?" అంటోంది ఆరాధన. ఏం చెప్పను? స్తంభాలు వచ్చేదాకా మా ఇంట్లో ఉండమన్నాను. తప్పా? "పుట్టినప్పట్నుంచి అద్దె కొంపల్లో ఉన్నాను, మీ అమ్మ అద్దె కొంపలోనే పోయింది. నా ఇల్లు వదలను" అన్నాడు. "అయితే ఆ చీకట్లోనే చావు" అన్నాను. నోటి నుంచి వచ్చేసింది. "నా చావుకి నువ్వు రావద్దు" అన్నాడు. నువ్వక్కడే ఉన్నావు, విన్నావు. ఆ మాట నాకు రోజూ వినపడుతోంది.

బిగించే పద్ధతి వెనక పేజీలో బొమ్మ వేశాను. రేకుల మీద పెట్టకండి, గాలికి లేస్తాయి. ఇనప స్టాండు చేయించి లారీలో వేశాను. వాకిట్లో నేల మీదే, దక్షిణం మొహంగా నిలబెట్టండి. ఎర్ర వైరు ఎర్ర గుర్తు దగ్గర, నల్లది నల్ల గుర్తు దగ్గర. తడి చేత్తో ముట్టుకోవద్దు. బ్యాటరీ నిండితే డబ్బా మీద ఆకుపచ్చ లైటు, ఖాళీ అయితే ఎర్ర లైటు. ఇంతే.

ఇంతే అని రాశాను గానీ, నాకు నిద్ర పట్టడం లేదక్కా.

నీ తమ్ముడు
జయపాల్


ప్రత్తిపాడు
ఆదివారం

ప్రియమైన తమ్ముడికి,

సామాను చేరింది. నేను పనిలో ఉంటే నాన్నే దింపించుకున్నాడు. ఎక్కడిదని అడగలేదు.

నిన్న పని మానుకుని ఇమాం హుస్సేనూ నేనూ నీ బొమ్మ చూస్తూ బిగించాం. "లారీ ఇంజనుకి ఇన్ని వైర్లు లేవక్కా" అని అతను ఒకటే గోల. నాన్న గుమ్మంలో కూర్చుని "దక్షిణం అటు కాదురా అబ్బాయ్, పొద్దు చూసుకో" అని పోరు పెట్టాడు. సాయంత్రానికి ఆకుపచ్చ లైటు వెలిగింది.

రాత్రి మెషిన్ తెల్లవార్లూ ఆడింది. నాన్న పడుకుని నిద్రపోయాడు. పడుకుని, తమ్ముడూ! ఎన్నాళ్ళకో.

దేవునికి స్తోత్రం. నీకు మేలు కలుగును గాక.
అక్క


ప్రత్తిపాడు
బుధవారం

ప్రియమైన తమ్ముడికి,

నీ జవాబు అందకుండానే మళ్ళీ రాస్తున్నాను.

శని, ఆది, ఆ రెండు రాత్రులే. సోమవారం రాత్రి ఒక నిద్ర తీయకముందే మెషిన్ కుయ్ కుయ్‌మని అరిచి ఆగిపోయింది. చూస్తే ఎర్ర లైటు. మంగళవారమూ అంతే. సిలిండరు ఉంది కాబట్టి గట్టెక్కాం. వైర్లన్నీ నీ బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి. ఎండకేం తక్కువ లేదు. పలకల మీద దుమ్ము కూడా లేదు, అద్దంలా ఉన్నాయి.

ఏం చేయాలో రాయి.
అక్క


పొన్నూరు
గురువారం

అక్కా,

మోసపోయాను.

అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే మిషను మాట్లాడుతోంది. ఒకటి నొక్కు, రెండు నొక్కు. మనిషి దొరికేసరికి లైను పోతోంది. మెసేజ్ పెడితే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని వస్తుంది. చింతిస్తారట! మా నాన్న ఊపిరి వాళ్ళకి అసౌకర్యం. వాళ్ళ పేజీలో ఒక్క నక్షత్రం ఇచ్చి నోటికొచ్చినట్టు తిట్టాను. బ్యాటరీలు పాతవి రంగు వేసి అంటగట్టారని రాశాను. అంతకంటే ఏం చేయగలను?

ఒక్కటి చూడు. ప్యానెల్స్ మీద మిట్టమధ్యాహ్నం నీడేమైనా పడుతోందా? కాస్త నీడ పడ్డా పని చేయవు. ఆ వేళకి నువ్వుండవు. నాన్ననే అడుగు.

నా పేరు చెప్పకు.
జయపాల్


ప్రత్తిపాడు
సోమవారం

ప్రియమైన తమ్ముడికి,

అడిగాను. "నేనుండగా వాటి మీద ఈగ వాలదు" అన్నాడు. ఈ కాలనీలో నీడనిచ్చే చెట్టే లేదు. నీడ మాట వదిలేయి.

నాన్న దిగజారిపోతున్నాడు. ఇదివరకు సాయంత్రం నేను వచ్చేసరికి కాస్త తేరుకుని ఉండేవాడు. ఇప్పుడు నేనొచ్చే వేళకే వగరుస్తున్నాడు. చొక్కా తడిసిపోయి ఉంటోంది. పగలంతా ఏం చేశావని అడిగితే "కూర్చున్నాను" అంటాడు. కూర్చున్నవాడికి అంత ఆయాసం ఎందుకొస్తుంది? నిన్న గోళ్ళు నీలంగా కనిపించాయి. డాక్టరు గారికి చూపించాను. కరెంటు ఉన్న ఇంట్లోనైనా పెట్టండి, ఆసుపత్రిలోనైనా పెట్టండి, ఇలా ఎన్నాళ్ళో ఉండడని మొహం మీదే చెప్పారు. ఆ మాట ఆయనా విన్నాడు. ఇల్లు రాగానే "నన్ను ఇక్కణ్ణించి కదిలించకు ఎలీసా" అన్నాడు.

నిన్న ప్రార్థనలో ఊరికే మోకాళ్ళ మీద ఉన్నాను.

ఇక ఆయన ఇష్టం అడగొద్దు. ఈ శనివారం వచ్చి తీసుకుపో. తిడితే ఇద్దరం పడదాం.

అక్క


పొన్నూరు
మంగళవారం

ప్రియమైన అక్కకి,

శనివారం పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వస్తాను. ముందు గది ఖాళీ చేశాం. ఆరాధన మెషినుకి ప్లగ్గు పాయింటు పెట్టించింది.

మోసుకుని వచ్చేస్తాను. కొడితే కొట్టనీ. కానీ వాకిట్లో నన్ను చూసి మొహం తిప్పుకుంటే నేనేం చేయాలో చెప్పు. చావుకి రావద్దనిపించుకున్నవాణ్ణి, ఏ మొహంతో ఆ గుమ్మం ఎక్కను? ఆ పనికిమాలిన పలకలు కూడా అదే ఆటోలో వేసుకొస్తాను. అవి ఆయన కళ్ళ ముందు ఉండొద్దు. వాటిని చూస్తే నా చేతగానితనం నాకే కనపడుతుంది.

జయపాల్


ప్రత్తిపాడు
గురువారం రాత్రి

ప్రియమైన తమ్ముడు జయపాల్‌కి,

అక్క దీవెనలు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఆటో మాట్లాడకు.

ఇవాళ కాయ లోడు రాలేదు. మధ్యాహ్నమే మమ్మల్ని పంపేశారు. ఎండలో నడిచి వచ్చాను. వాకిట్లో పలకలు కనపడలేదు. ఎవరో ఎత్తుకుపోయారనుకుని పరుగెత్తాను. దగ్గరికి వెళ్ళి చూస్తే వాటి మీద నాన్న నీలం పట్టా కప్పి ఉంది. మూడు మూలలా రాళ్ళు. నాలుగో రాయి నాన్న చేతుల్లో ఉంది. వంగలేక, స్టాండు పట్టుకుని వగరుస్తున్నాడు.

"ఏంటి నాన్నా ఇది?"

"అరవకు. ముందు ఈ రాయి అందుకో."

"ఎందుకు కప్పావు?"

"చెయ్యి పెట్టి చూడు, పెనం కాలినట్టు కాలుతోంది. పొద్దుటెండ చాల్లే. మిట్ట ఎండ తగిలితే ఎంత మంచి సరుకైనా తెల్లబడి తాలైపోద్ది."

అప్పుడు గుర్తొచ్చింది. ఆసామి విత్తనానికి ఉంచుకునే కాయకి రంగు పోకుండా మిట్ట ఎండలో పట్టా కప్పడం, పొద్దు వాలాక తీయడం, కల్లంలో నాన్న పని అదే కదా. నేను పనికి పోయాక రోజూ కప్పాడట. నేనొచ్చే ముందు తీసి, తడిగుడ్డతో తుడిచి, పట్టా మడిచి దాని మీద కూర్చునేవాడట. ఆ ఊపిరితో. ఆయన ఆయాసం దేనికో అప్పుడు తెలిసింది.

"సంఘం వాళ్ళ సరుకు మీద నీకింత దిగులేంటి నాన్నా?" అన్నాను.

"సంఘమేంటే? సామాను తెచ్చిన కుర్రాడు వాకిట్లో నిలబడి 'జయపాల్ గారిల్లేనా' అన్నాడు. 'ఆయన బాబుని నేనే' అన్నాను. ఫోను మీద నా వేలితో గీత గీయించుకున్నాడు. వాడు చెమటోడ్చి కొన్న సరుకు. నా వాకిట్లో పాడైతే ఇంకోమాట అంటాడు."

మొదటి రోజు నుంచీ తెలుసు, తమ్ముడూ.

ఆ మట్టిలోనే కూర్చున్నాను. తర్వాత చెప్పాను. ఇది కాయ కాదు నాన్నా, మిట్ట ఎండ ఎంత తగిలితే అంత నిండుతుంది, నీడ పడితే ఖాళీ, అందుకే రాత్రిళ్ళు మెషిన్ ఆగిపోతోంది అని. పలకల వంక చూశాడు. తన ఊపిరి సంగతి అడుగుతాడనుకున్నాను.

"అయితే వాడి సరుకు మంచిదేగా?" అన్నాడు.

"మంచిదే నాన్నా."

"మరి తీయవే పట్టా. ఎండ పోతోంది."

ఇద్దరం కలిసి తీశాం.

పొద్దు గుంకే వేళకి ఇమాం హుస్సేన్ వచ్చాడు. సంగతి విని పగలబడి నవ్వాడు. "పెద్దాయనా, మా క్లీనరు లారీ మీద ఇంత శ్రద్ధగా పట్టా కప్పితే నా ధాన్యం ఒక్క వానకీ తడిసేది కాదు" అన్నాడు. నాన్నా నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు. లైటు ఇంకా ఆకుపచ్చకి రాలేదు. సగం పూటే ఎండ తగిలింది. ఈ రాత్రికి సిలిండరు పక్కన పెట్టుకున్నాను. రేపు, ఎల్లుండి చూడాలి. నా మోకాళ్ళకి పని ఉంది.

ఆ అమ్మినవాళ్ళని తిట్టి రాసింది తీసేయి. వాళ్ళ తప్పు లేదు. ఇది ముందు చేయి.

సాయంత్రం ముగ్గురం గుమ్మంలో కూర్చుని అనుకున్నవి రాస్తున్నాను. నాన్న ఇల్లు కదలడు. అయితే రేపూ ఎల్లుండీ పలకలకి నిండా ఎండ తగిలినా రాత్రి మెషిన్ ఆగితే, స్తంభాలు వచ్చేదాకా మీ ఇంటికి వస్తానని ఒప్పుకున్నాడు. ఆ మాట నేను రెండుసార్లు అనిపించుకున్నాను. పలకల కాపలా ఆయనదే, కాకపోతే పొద్దున్నే తుడవడం, మేకల్ని అదిలించడం వరకే. పట్టా ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదని ఆయనే అన్నాడు. ఇమాం హుస్సేన్ చేతికిచ్చి "మా వాడి మిల్లులో ధాన్యం మీద కప్పుకోమను" అన్నాడు. ఈ ఉత్తరంతో పాటు అదీ నీకు అందుతుంది. జాగ్రత్తగా ఉంచుకో.

ఇక నీ సంగతి. శనివారం నువ్వు ఆటో తెస్తున్నావని చెప్పేశాను. ఆటో ఎందుకన్నాడు. ఆదివారం ఆరాధననీ పాపనీ తీసుకుని బస్సులో రమ్మన్నాడు. "చావుకి రావద్దన్నావుగా నాన్నా" అని నేనే అడిగాను. అడగాలి కదా.

"చావుకి వద్దన్నాను" అన్నాడు. "ఆదివారం కూరకి వద్దన్నానా?"

కోడి నేను చూస్తాను. మీరు చర్చి వేళకి వచ్చేయండి.

అక్క ఎలీసమ్మ