ఎండ వేడి కాదిది

మే 9

ఇవాళ్టి నుంచి మళ్లీ డ్యూటీ. గర్భసంచి తీసేసి మూడు నెలలు. మూడు నెలల తర్వాత కారులో ఎడమ సీట్లో కూర్చున్నా. నేర్పేవాళ్ల సీటు, నా సీటు. కాళ్ల దగ్గర నా బ్రేకు, నా క్లచ్. ప్రాణం లేచొచ్చింది.

డ్రైవింగ్ స్కూల్ ఓనరు మూర్తిగారు — "రామ్మా వాణీ, లేడీస్ బ్యాచి అంతా నీకోసమే ఆగిపోయింది." అబద్ధం. అయినా బాగుంది.

లేత పసుపు చుడీదార్ వేసుకెళ్లా. ఎన్నేళ్లయిందో లేత రంగు వేసుకుని. బండి దిగగానే సీటు వంక చూసుకోవడం మాత్రం ఇంకా పోలేదు. ఇవాళ కూడా చూశా. ఏమీ లేదు. ఇంకెప్పుడూ ఉండదు.

మే 17

కానూరు రోడ్డులో. ఏసీ ఫుల్లుగా ఉంది. అయినా ఛాతీలో మొదలైంది — మెడ, చెవులు, నెత్తి... అన్నం గిన్నె మీద మూత తీస్తే మొహానికి ఆవిరి కొట్టినట్టు. రెండు నిమిషాలు. తర్వాత చెమట. ఆ వెంటనే చలి.

నడుపుతున్న అమ్మాయి చూసింది. "మేడమ్, మీ మొహం ఎర్రగా అయిపోయింది."

ఎండ అన్నా. విజయవాడలో, మే నెలలో, ఆ మాటకి ఎదురు చెప్పేదెవరు.

మే 26

రోహిణి కార్తె. అందరికీ చెమటలే. నాది వేరని ఎలా తెలియాలి.

మే 30

ఏసీ పద్దెనిమిదిలో పెట్టానని చిన్ని వాళ్ల నాన్నకి ఫిర్యాదు. "నాన్నా, అమ్మ నన్ను ఫ్రిజ్‌లో పెడుతోంది." దుప్పటి కప్పుకుని, దాని మీద టవల్ కప్పుకుని, ముక్కు మాత్రం బయట పెట్టి. నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు.

రిమోట్ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

జూన్ 8

కొత్త స్టూడెంటు. సత్యవతిగారు. యాభై ఆరేళ్లు. కైకలూరు అవతల చేపల చెరువులట. భర్తకి మోకాళ్లు పనిచేయడం లేదు, డ్రైవర్ చెప్పాపెట్టకుండా మానేస్తాడు. "పొద్దున్నే చెరువు గట్టు మీదకి నేనే వెళ్లాలి అమ్మాయ్. ఎన్నాళ్లని ఒకళ్ల కోసం ఎదురుచూడను?" ఇక్కడ కూతురింట్లో ఉండి నేర్చుకుని వెళ్తారట.

స్టీరింగ్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు, జారిపోయే చేపని పట్టుకున్నట్టు. వదులుగా పట్టుకోండి అన్నా. "వదిలేస్తే పోదూ?" అన్నారు.

అందరూ మేడమ్ అంటారు. ఈవిడ మొదటిరోజే అమ్మాయ్ అనేశారు.

జూన్ 14

ఇవాళ ఏడున్నర బ్యాచి పిల్లని కసిరేశా. రామవరప్పాడు రింగు దగ్గర బండి ఆగిపోయింది, వెనక హారన్లు. కొత్తవాళ్లకి ఆగిపోదా? నేను నేర్చుకున్నప్పుడు ఆగిపోలేదా? "బుర్ర ఇంట్లో పెట్టి వచ్చావా" అన్నా. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు.

తొమ్మిదేళ్లలో ఎవర్నీ ఇంత మాట అనలేదు.

ఇంకో సంగతి. ఆ పిల్ల పేరు గుర్తురాలేదు. సారీ చెబుదామంటే పేరు లేదు నోట్లో.

జూన్ 19

రాత్రి ఆయన దగ్గరికొస్తే నొప్పి. ఆయనకి చెప్పలేదు. ఆయన అడగలేదు. చెరో వైపు తిరిగాం. నాలుగు నెలల క్రితం వరకూ ఇలా లేదు.

జూన్ 21

రాత్రంతా వాన. పొద్దున చల్లగా, చొక్కా తడిసేంత తుంపర. పటమటలో రోడ్డు మీద మోకాలి దాకా నీళ్లు, క్లాసులు రద్దు. వాకిట్లో నిలబడి టీ తాగుతున్నా... వచ్చేసింది. అదే ఆవిరి. చెవుల దాకా.

ఇంక ఎండ అని చెప్పడానికి లేదు.

జూన్ 27

రాయాలి.

ఆటోనగర్ నాలుగో రోడ్డు. సత్యవతిగారు నడుపుతున్నారు, నిదానంగా, బాగానే. ఎడమవైపు షెడ్డులోంచి లారీ వెనక్కి వస్తోంది. నేను చూశా. చూశాను! బ్రేకు మీద నా కాలుంది. సరిగ్గా అప్పుడే ఒళ్లంతా కాలిపోవడం మొదలైంది. బుర్ర తెల్లకాగితం. కాలు కదల్లేదు.

బ్రేకు వేసింది ఆవిడ. ఇరవై రోజులు కూడా కాలేదు నేర్చుకోవడం మొదలుపెట్టి. లారీకి, మా బానెట్‌కి మధ్య జానెడు.

షెడ్డు వాళ్లు అరిచారు. ఆవిడ అద్దం దించి వాళ్ల మీద రెండింతలు అరిచారు. తర్వాత బండి పక్కకి తీసి, హ్యాండ్ బ్రేక్ వేసి — నేను నేర్పినట్టే — నా వంక తిరిగారు. నీళ్ల బాటిల్ ఇచ్చారు. చెంగుతో నా మెడ తుడిచారు.

"నీక్కూడా తీసేశారా అమ్మాయ్?"

ఎవరూ అడగలేదు ఇంతవరకూ. తలూపా.

"సంచి ఒక్కటేనా, గుడ్లసంచులు కూడానా?"

ఒక్కటే అన్నా.

"నాకు ఇరవై తొమ్మిదో ఏట తీశారు. మొత్తం. మా వీధిలో ఆరుగురం, ఒకళ్ల తర్వాత ఒకళ్లం. తెల్లబట్ట అవుతోందని వెళితే తీసేశారు. ఇదుగో, నీకిప్పుడు వచ్చిందే, ఇదే నాకు ఏడేళ్లు. అత్తగారు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. నేనూ గాలే అనుకున్నా."

బాటిల్ మూత బిగించా. ఆవిడే మళ్లీ —

"నువ్వు చదువుకున్నదానివి. వెళ్లి అడుగు."

జూన్ 28

మూర్తిగారికి జ్వరమని చెప్పా. నాలుగు రోజులు సెలవు. లారీ సంగతి చెప్పలేదు. నేను కాలు వేయలేని బ్రేకుని నమ్ముకుని ఆడవాళ్లు ట్రాఫిక్‌లోకి వస్తున్నారు. ఇది చెప్పకుండా ఎన్నాళ్లు...

జూలై 2

గవర్నర్‌పేటలో లేడీ డాక్టరు. ఆపరేషన్ చేసిన చోటికి వెళ్లబుద్ధి కాలేదు. కాగితాల కవరు తీసుకుని ఒక్కదాన్నే వెళ్లా. ఆయనకి షాపులో స్టాకు వచ్చింది.

ఆవిడ డిశ్చార్జి కాగితం చదివారు. తాపీగా, వేలు పెట్టి.

"ఎడమ అండాశయం కూడా తీశారు కదా, కుడివైపుది ఉంచారు."

లేదండీ అన్నా. గర్భసంచి ఒక్కటే.

కాగితం నా వైపు తిప్పారు. ఉంది. ఇంగ్లీషులో, పొట్టి అక్షరాల్లో, మూడో లైను.

లైసెన్సు ఫారంలో ప్రతి అక్షరం స్టూడెంట్ల చేత చదివించి సంతకం పెట్టిస్తా నేను. నా కాగితం అయిదు నెలలు బీరువాలో పెట్టి తెరవలేదు.

డాక్టరు చెప్పింది రాసుకుంటున్నా, మర్చిపోతా కనక. సంచి తీసినా అండాశయాలుంటే హార్మోన్లు వస్తూనే ఉంటాయి. నాకు ఒకటే మిగిలింది. ఆపరేషన్ తర్వాత ఒక్కోసారి అది మందగిస్తుంది. కొన్నాళ్లకి కోలుకోవచ్చు, పూర్తిగా ఆగిపోనూవచ్చు. రక్తపరీక్ష చేయాలి. ఆగిపోతోందని తేలితే మందులు వాడాలి, ఎముకల కోసం, గుండె కోసం. ముప్పై తొమ్మిదికి ఇది బాగా ముందు.

మామూలుగా ఆడవాళ్లకి ముట్లు ఆగితే తెలుస్తుంది. నావి ఆపరేషన్ బల్ల మీదే ఆగిపోయాయి. లోపల ఏం జరుగుతోందో చెప్పేది ఇంకేముంది?

రక్తం ఇచ్చి బయటికొచ్చా. బండి తాళం కోసం బ్యాగంతా వెతికా. చేతిలోనే ఉంది.

అదే రోజు, సాయంత్రం

చిన్ని ట్యూషన్‌కి వెళ్లాక అడిగా.

"మీకు తెలుసా?"

కాగితం చూడకుండానే అర్థమైంది ఆయనకి. చూడకుండానే.

"మధ్యలో బయటికొచ్చి చెప్పారు వాణీ. అండాశయం మీద గడ్డ ఉంది, క్యాన్సర్ కావచ్చు, తీసేయమంటారా అని. నువ్వు మత్తులో ఉన్నావ్. క్యాన్సర్ అన్న మాట వినపడ్డాక నాకింకేం వినపడలేదు. తీసేయండన్నా. సంతకం పెట్టా."

"క్యాన్సరా?"

"కాదని తర్వాత రిపోర్టు వచ్చింది. మామూలు గడ్డే."

"మరి చెప్పలేదేం?"

"కాదని తేలిందిగా... ఎందుకు భయపెట్టడం అని. తర్వాత చెబుదామనుకున్నా. తర్వాత... రోజులు గడిచిపోయాయి."

రోజులు గడిచిపోయాయట. ఎండ అనుకుంటూ నేను గడిపిన రోజులు. ఆ పిల్లని ఏడిపించిన రోజు. లారీ రోజు.

"నా ఒంట్లోంచి తీసింది నాకు తప్ప అందరికీ తెలుసు" అన్నా. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

జూలై 3

మాటల్లేవు.

జూలై 5

టిఫిను బాక్సు కట్టా. తీసుకెళ్లారు. అంతే.

జూలై 7

రిపోర్టు వచ్చింది. అటూ ఇటూ కాకుండా ఉంది. "ఈ ఒక్కదానితో చెప్పలేం, ఆరు వారాలు ఆగి మళ్లీ చేద్దాం" అన్నారు డాక్టరు. ఈలోగా రోజూ నడక, కాల్షియం, కాఫీ తగ్గించడం. వేడి వచ్చిన టైము రాసి పెట్టుకోమన్నారు.

ఆగిపోతే ఆగిపోయిందనండి, లేకపోతే లేదనండి. ఈ మధ్యలో ఉండటమే కష్టంగా ఉంది.

జూలై 8

పొద్దున 6.10. 9.40. మధ్యాహ్నం అన్నం తింటుండగా. సాయంత్రం రెండుసార్లు.

జూలై 11

సెలవు ఇంక పొడిగించలేక మూర్తిగారికి చెప్పేశా. లారీ సంగతీ, ఆపరేషన్ సంగతీ, మొత్తం. మగవాళ్లకి ఎలా చెప్పాలా అని వారం నుంచి మాటలు కూడబలుక్కున్నా, తీరా ఒక్కటీ గుర్తులేదు. ఉద్యోగం పోతుందనే అనుకున్నా.

ఆయన బల్ల మీద పెన్ను అటూ ఇటూ జరిపారు. చెవులు ఎర్రబడ్డాయి పాపం. "మా ఇంట్లో కూడా ఇలాగే... ఆవిడ చెప్పదు, నేను అడగను" అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని — "కొన్నాళ్లు గ్రౌండులో నేర్పమ్మా. హైవే, గన్నవరం రూటు నేను చూసుకుంటా. రిపోర్టు వచ్చాక మాట్లాడుకుందాం."

గ్రౌండు అంటే మొదటివారం పిల్లలు. క్లచ్, బ్రేకు, రివర్సు. తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ అక్కడికే. ఏడుపొచ్చింది. కానీ రాత్రి నిద్ర పట్టింది.

నేను కసిరిన ఆ పిల్ల పేరు లావణ్య. ఇవాళ రిజిస్టరులో చూసి, వెళ్లి సారీ చెప్పా. "పర్లేదు మేడమ్, మా అమ్మ ఇంతకన్నా తిడుతుంది" అంది.

జూలై 25

శ్రావణం. అమ్మ ఫోన్. "వరలక్ష్మీ వ్రతానికి ఇంక రోజులు లెక్కపెట్టుకునే పని లేదుగా. అదృష్టవంతురాలివి." ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నా.

అమ్మని అడిగా, నీకు ఎప్పుడు ఆగిపోయాయి, ఎలా ఉండేది అని. "అవన్నీ ఇప్పుడెందుకే" అంది. పెట్టేయబోతూ — "పొద్దస్తమానూ ఏడుపొచ్చేది. పెరట్లో గిన్నెలు తోముతూ ఏడ్చేదాన్ని. నీళ్ల చప్పుడుకి తెలిసేది కాదు."

ఆ పెరట్లోనే నేను హోంవర్కు చేసుకునేదాన్ని.

ఆగస్టు 4

సత్యవతిగారు లైసెన్సు టెస్టు పాసయ్యారు. రివర్సులో ఒక్కసారి కూడా ఆపలేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు "ఎవరమ్మా నేర్పింది" అని అడిగితే నా భుజం పట్టుకుని ముందుకి తోశారు.

వెళ్లేముందు అడిగా. ఏడేళ్ల తర్వాత తగ్గిపోయిందా అని.

"తగ్గింది. నడుము మాత్రం ముందే వంగింది. మందులుంటాయని ఎవరు చెప్పారు మాకు? నువ్వు వాడు. సిగ్గుపడకు."

తర్వాత — "మీ ఆయన మీద కోపం ఉందిగా?"

సంతకం సంగతి చెప్పా గానీ, కోపం సంగతి చెప్పలేదు ఆవిడకి. మొహంలో కనపడుతుందేమో.

"మా ఆయనా సంతకం పెట్టాడు. అతనికీ ఏం తెలీదు. ఇరవై ఏడేళ్లయింది, ఇప్పటికీ నేను ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేదేమో... తెలీదమ్మాయ్."

క్షమించమని చెప్తారనుకున్నా. చెప్పలేదు.

ఆగస్టు 10

ఆయన ఫోన్లో ఏదో చదువుతున్నారు. దగ్గరికెళ్తే పక్కన పెట్టారు. చూశా. 'ఆపరేషన్ తర్వాత ఆడవాళ్లలో మార్పులు', తెలుగు వీడియో. సౌండు లేకుండా, కింద అక్షరాలు చదువుకుంటూ.

"నీకు నొప్పిగా ఉంటోందా?" అన్నారు. ఎక్కడ అని అడగలేదు నేను.

ఊ అన్నా.

"అడగాల్సింది."

ఊ అన్నా మళ్లీ. ఇద్దరం గోడ వంక చూస్తూ కూర్చున్నాం. చిన్ని వచ్చి ఏసీ ఆపేసి వెళ్లింది.

కోపం పోలేదు. కానీ మధ్యాహ్నం కూర ఎలా ఉందని అడిగా.

ఆగస్టు 14

వేడి ఇవాళ రెండుసార్లే. నిన్న మూడు. తగ్గుతున్నట్టా? మిగిలిన అండాశయం కోలుకుంటోందా? లేక నాకు అలవాటైందా?

ఆగస్టు 18

రెండోసారి రక్తం ఇచ్చా. లావణ్య హైవే మీద నడుపుతోందట, మూర్తిగారు చెప్పారు. నేను గ్రౌండులో ఎవరికో హాఫ్ క్లచ్ అంటే ఏంటో చెప్తున్నా.

ఆగస్టు 19

రిపోర్టు సాయంత్రం అయిదింటికి. మందులా, గ్రౌండా, హైవేనా... అన్నీ ఆ కాగితంలోనే.

పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ — "షాపు నుంచి వచ్చేటప్పుడు నేను తెస్తా, నీకు దూరం కదా."

"వద్దు. నేను తెచ్చుకుంటా. ముందు నేను చదవాలి."

చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది.

"సరే." ఆ గుండీ పెట్టుకుని — "చదివాక చెప్తావా?"

చెప్తానని నోటి దాకా వచ్చింది.

"చూద్దాం" అన్నా.

ఇంకా నాలుగు కాలేదు.