మోగని టాపెట్లు

నాయినా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దుగాల్ల నీ ఫోటోకు దండేసి, అమ్మతోని కరణ్‌కోట రోడ్డు మీదున్న మన షెడ్డుకు వచ్చిన. ఇప్పుడు ఈడ నాపరాయి లారీలు బాగుచేసేది నీ దోస్తు మల్లయ్య కాకనే.

నేను సొంతంగ విప్పి బిగించిన మొదటి విమానం ఇంజన్ నిన్న హైదరాబాద్‌ల స్టార్టయింది నాయినా! ఫోన్ల రికార్డు చేసుకొచ్చి కాకకు వినిపించిన. కాక మొఖం మాడిపోయింది.

"టాపెట్ ఒక్కటి గూడ మోగుతలేదు. మరీ బిర్రుగ బిగించినవా బిడ్డా? వాల్వులు కాలిపోతయి."

అచ్చం నీ మాటనే. వాల్వును నెట్టే టాపెట్ మోగితే ఫికర్ లేదు, మోగనిదాంతోనే ఫికర్ అంటుంటివి. అందుకే వాల్వుకు దానికి నడుమ జర సందు ఎక్కువనే ఇడుస్తుంటివి.

నాకు నవ్వొచ్చింది. "గీటికి బిగించే స్క్రూనే లేదు కాకా. ఇంజన్ తిరిగితే టాపెట్ లోపటికి నూనె వచ్చి, ఆ సందును అదే పూడుస్తది. అందుకే ముందుగాల నూనెంత పిండేసి సందు కొలిచిన. ఒక్కకాడ ఎక్కువొస్తే, జర పొడుగున్న పుష్‌రాడ్ కడ్డీ ఏసిన. స్టార్ట్ చేయంగనే టకటక మోగినయి, దాంతోని నా గుండె గూడ. నూనె నిండినంక అన్ని ఊకున్నయి."

కాక నమ్మలే. మళ్ల వింటనని, పక్కన నడుస్తున్న లారీ ఇంజన్ బందు చేయించిండు. షెడ్డంత సప్పుడు లేకుంటయింది. ఫోన్ చెవికి ఆనిచ్చుకొని మెల్లగ నవ్విండు.

"మస్తు చేసినవ్ బిడ్డా."

బండి ట్రయల్ మీదుంటె, అమ్మ బువ్వకు పిలిచినా నువ్వు ఇంజన్ ఆపకపోతివి. ఇయ్యాల నీ షెడ్డుల లారీని ఆపి, నీ బిడ్డ ఇంజన్ విన్నరు నాయినా.