లేత అక్షరాల చార్టు

మంగళవారం, నల్లపాడు

మిరప కోతలకు కూలీలను వ్యానులో తీసుకెళ్ళే మస్తాన్ గారు ఈరోజు మా కళ్ళజోళ్ళ షాపుకి వచ్చారు.

"మేడమ్, పొద్దున మంచులో రోడ్డు పక్కన నడుస్తున్న ముసలమ్మ దగ్గరికొచ్చేదాకా కనపడలేదండి. బూడిదరంగు చీర. మూరెడు దూరంలో ఆగింది బండి."

ఆయనకు సిలిండర్ పవర్ ఉంది, అంటే కంటి వంపు అన్నివైపులా ఒకేలా లేక బొమ్మ చెదిరినట్టు కనపడే లోపం. చెమటకు కళ్ళజోడు జారిపోతోందంటే పోయిన నెల కాంటాక్ట్ లెన్సులు ఇచ్చింది నేనే. సిలిండర్ లెన్సు తెప్పించడం ఆలస్యమని మామూలు దానితోనే సర్దేశాను. చార్టు మీది నల్లటి అక్షరాలు గడగడా చదివారు కదా అని ఊరుకున్నాను. ఆ లోపం మసకలో బయటపడుతుందని చదువుకున్నదాన్నే.

ఈరోజు లేత బూడిదరంగు అక్షరాల చార్టు పెట్టాను. ఆ లెన్సులతో మూడో వరుసలోనే ఆగిపోయారు. పాత కళ్ళజోడుతో ఇంకో రెండు వరుసలు చదివారు. పరీక్ష కోసం షాపులో ఉంచుకున్న సిలిండర్ లెన్సు పెట్టి, అది కంట్లో కుదురుకున్నాక చూస్తే దాంతోనూ అంతే చదివారు.

"తప్పు నాదేనండి. కొత్తవి వచ్చేదాకా కళ్ళజోడే పెట్టుకోండి" అన్నాను.

"మీరేం చేస్తారు లెండి, అన్నీ కనపడుతున్నాయని చెప్పింది నేనేగా" అన్నారాయన. తిట్టినా బాగుండేది.

ఇలాగే ఇంకో ముగ్గురికి సర్దాను. ఇద్దరికి ఫోన్ చేసి చెప్పాను. మూడో ఆయన మిర్చి లారీ డ్రైవరు. సాయంత్రం నుంచి ఆయన ఫోన్ స్విచాఫ్ వస్తోంది. ఇప్పుడు ఏ రోడ్డు మీద ఉన్నారో.